మైపాడు దొరువు – దుత్తలూరు బోరు

నెల్లూరు జిల్లా పేరు చెప్పగానే పెన్న కింద పండే మొలగొలుకులే చాలమందికి జ్ఞాపకము వచ్చును. ఆ ధాన్యమునకు ఆ కీర్తి తగినదే. కాని ఈ జిల్లాను తూర్పు చివరనుండి పడమటి చివర వరకు ఒక్క ప్రయాణములో చూచినవారు తక్కువ. తూర్పున సముద్రము, పడమట వెలిగొండలు. మెట్టసీమలోని దుత్తలూరునుండి తిన్నగా లెక్కవేసిన సముద్రము 70 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఉదయము మైపాడు ఇసుకలో బయలుదేరినవాడు మధ్యాహ్న భోజనము వేళకు దుత్తలూరు చేరవచ్చును. ఆగస్టు నెలాఖరున నేను అట్లే వెళ్ళినాను. రైతు సోదరులు, గ్రామ ఉద్యోగులు ఈ దారిలో నా వెంట ఒకసారి రావలెనని కోరుచున్నాను. దారిలో చూడదగినవి చాల ఉన్నవి గాని, నేను మీకు చూపదలచినది నీరు ఒక్కటే.

మైపాడు దగ్గర నేల అంతా ఇసుక. సరుగుడు తోటలు, వాటి నడుమ వేరుశనగ, కూరపాదులు. అక్కడక్కడ మనిషి లోతు గుంటలు కానవచ్చును. వీటినే దొరువులందురు. ఇసుకలో ఇంకిన వాననీరు అడుగుననున్న ఉప్పునీటి మీద తేలి నిలిచియుండును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. దొరువు త్రవ్వినచో ఆ పైపొర నీరే ఊరును. దానిని కడవలతో ముంచి మొక్కమొక్కకు పోయుట ఈ తీరపు రైతుల పూర్వపు అలవాటు.

దొరువు గట్టున కూర్చున్న ఒక పెద్దాయనను, "ఇంకొక నాలుగు బారలు లోతు తీయరాదా?" అని అడిగినాను. తెలిసియే అడిగినాను.

"లోతుకు పోతే ఉప్పు తగులుద్ది సార్. మోటరు ఎక్కువసేపు ఆడించినా అంతే. పైనీళ్ళే మాకు దిక్కు" అన్నాడు.

ఆయన మాటకు శాస్త్రములో ఒక లెక్క కలదు. సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిచినచోట, ఆ మట్టమునకు క్రింద సుమారు 40 మీటర్ల మందమున మంచినీరుండును. మనము తోడి తోడి పైమట్టమును ఒక మీటరు దించితిమా, క్రిందనుండి ఉప్పునీరు 40 మీటర్లు పైకి జరుగుటకు దారి ఇచ్చినవారమగుదుము. ఒకసారి పైకి వచ్చిన ఉప్పు ఒక వానకాలముతో తిరిగి పోదు.

బాపట్ల పరిశోధకులు ఈ దొరువునే మెరుగుపరచినారు. మూడు నాలుగు మీటర్ల లోతున, రంధ్రములుగల పి.వి.సి. గొట్టములను అడ్డముగా పరచి, వాటి నీటిని నడుమనున్న బావిలోనికి చేర్చుదురు. లోతునుండి లాగక, వెడల్పుననున్న పైనీటిని మెల్లగా కూడబెట్టుటయే ఇందలి కిటుకు. ఆ నీటిని తుంపర సేద్యముతో వాడినచో కడవలు మోయు శ్రమ తప్పును. అయినను మోటరును కొద్దిసేపు ఆడించి, ఆపి, నీరు ఊరనిచ్చి తిరిగి ఆడించవలెను.

రొయ్యల చెరువుల సంగతి వ్రాయకుండ తీరము దాటలేను. కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము 2005లో వచ్చినది. ఆదాయము లేదని నేననను. కాని చెరువులోని ఉప్పునీరు గట్టు దాటి ప్రక్క రైతు దొరువులోనికి ఊరినప్పుడు ఆ నష్టమును ఎవరి ఖాతాలో వ్రాయవలెను? మురుగు పోవు కాలువ లేనిచోట చెరువు త్రవ్వుటకు గ్రామములో మొదట అడ్డుచెప్పవలసినవారు గ్రామ ఉద్యోగులే.

నెల్లూరు దాటి సంగము వరకు పచ్చని డెల్టా. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది. సంగము దగ్గర పాత ఆనకట్ట బాధ్యతను మోయుటకు కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. కాలువ నీరుగల ఈ భాగమును గూర్చి ఇదివరకే చాలమంది వ్రాసినారు, త్వరగా దాటిపోదము. ఒక్క ముచ్చట మాత్రము చెప్పవలెను. కోత అయిన వరి మళ్ళలో మెట్టనుండి వచ్చిన గొఱ్ఱెల మందలను రాత్రులు కట్టించుకొనుట ఇక్కడ పాతవాడుక. తెల్లని పల్ల, నల్లమచ్చల జోడిపి, గోధుమరంగు దోర – ఈ మూడు తెగల నెల్లూరు గొఱ్ఱెలు మెట్టలో మేసి డెల్టాకు ఎరువు మోసుకొని వచ్చును. మెట్టకు డెల్టా తిరిగి ఏమి ఇచ్చినదో నాకు సరిగా తోచుటలేదు.

ఆత్మకూరు చేరుసరికి నేల రంగు మారును. ఈ ప్రాంతముననే పెన్నపై 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయము కలదు. బొగ్గేరు, బీరాపేరు వంటి ఏరులు పడమటి కొండలవైపునుండి వచ్చి పెన్నలో కలియును. సంవత్సరములో అధికభాగము వాటిలో ఇసుకే కనిపించును. వచ్చినప్పుడు మాత్రము ఎవరికిని ఆగవు. 2021 నవంబరులో పెన్న పొంగి ఊళ్ళను, పొలాలను ముంచి సముద్రములో పడినది. ఆ నీటిలో కొంత ఈ మెట్టచేల మీద కురిసిన వానయే.

ఇది గుర్తుంచుకొనవలసిన సంగతి. ఈ జిల్లాకు ఏడాది వానలో సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో, ఈశాన్య ఋతుపవనమున వచ్చును. తీరమున ఎక్కువ, పడమటికి పోయినకొలది తక్కువ. వాయుగుండము పట్టినప్పుడు నాలుగు రోజులలో నెల వాన కురియును. తరువాత మరల అక్టోబరు వరకు ఆకాశము చూచుటయే.

ఆత్మకూరు వదలి వాయవ్యముగా పోయినచో దుత్తలూరు. ఇంకను పడమటికి పోయిన ఉదయగిరి, దాని దుర్గము. 1514లో కృష్ణదేవరాయలు గజపతులనుండి గెలుచుకొన్న కోట అది. ఉదయగిరి చెక్క గరిటెలు కొనదలచినవారు అక్కడిదాక పోవచ్చును. నేను దుత్తలూరులోనే ఆగినాను.

ఇక్కడ అడుగున ఇసుక లేదు, రాయి ఉన్నది. పైన కొన్ని అడుగుల మట్టి, దాని క్రింద చివికిన రాయి, ఆ క్రింద గట్టిరాయి. నీరు చివికిన రాతిలోను, గట్టిరాతి పగుళ్ళలోను మాత్రమే నిలుచును. పగులు తగిలిన బోరులో నీళ్ళు, తగలని బోరులో దుమ్ము. ఒక నిమ్మతోట రైతు నన్ను తన మూడవ బోరు దగ్గరకు తీసుకొనిపోయినాడు. మొదటి రెండు ఎండినవి. మూడవది ఉదయము గంటసేపు పోసి గాలి కక్కుచున్నది.

"ఇంకో వందడుగులు దించితే పడదా సార్?" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఉద్యోగములో చేరిన కొత్తలో వేరొక మెట్ట గ్రామములో ఒక రైతు ఇదే అడిగినాడు. "ప్రయత్నించి చూడుము" అన్నాను. అతడు అప్పుచేసి దించినాడు. నీరు కొంత పడినది, తోట నిలిచినది. ఆ నీటినే ఇంటిల్లిపాది త్రాగినారు. పరీక్ష చేయించుమని చెప్పుట నాకు తోచలేదు. కొన్నేండ్లకు అటు పోయినప్పుడు అతని చిన్నవాని పండ్లు గోధుమరంగు చారలతో కనిపించినవి. ఆ దినమునుండి లోతు మాట ఎత్తిన రైతుకు నేను త్వరపడి సమాధానము చెప్పను.

అది ఫ్లోరైడు. మన దేశములో ఈ వ్యాధిని మొదట వైద్యులు గుర్తించి పత్రికలో ప్రకటించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లా మెట్ట గ్రామములను చూచియే. రాతిలో ఎక్కువకాలము నిలిచిన నీరు దానిని కరిగించుకొనును. అందుచే లోతు బోరు నీటిని ఎప్పుడును అనుమానించవలెను. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండుట మేలు, 1.5 మించరాదు. రుచి, వాసన, రంగు ఏదియు చెప్పదు. కాచినందువలన పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కబడును. చిన్నపిల్లలకు పండ్లు, పెద్దలకు కీళ్ళు, వెన్ను చెడును. కాబట్టి కొత్త బోరు నీటిని పరీక్ష చేయించనిదే ఇంట త్రాగవద్దు. పాలు, రాగి, మునగాకు పిల్లల తిండిలో ఉండనిండు.

చూచితిరా? తీరమున లోతుకు పోయిన ఉప్పు, మెట్టన లోతుకు పోయిన ఫ్లోరైడు. తీరము రైతు దానిని తాతలనాడే తెలుసుకొని పైనీటితో కాపురము చేయుచున్నాడు. మెట్ట రైతుకు కూడ పైనీరు లేకపోలేదు.

నిమ్మతోట గట్టున కూర్చుండి లెక్క వేసినాము. ఒక ఎకరముమీద ఒక సెంటీమీటరు వాన కురిసిన 40 వేల లీటర్లు. ఒక్క వానలో 5 సెంటీమీటర్లు పడిన 2 లక్షల లీటర్లు. అందులో నాలుగవవంతు పారిపోయినను 50 వేలు. అతనిది నాలుగు ఎకరములు. ఒక్క వానకే 2 లక్షల లీటర్లు అతని చేను దాటి బొగ్గేరు దారి పట్టుచున్నవి. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతున, ప్రక్కలు ఎత్తుకు సమానమైన వాలుగా తీసిన పంటకుంటలో సుమారు 1.45 లక్షల లీటర్లు పట్టును. బెట్టవేళ ఒక ఎకరమునకు 2 సెంటీమీటర్ల తడికి 80 వేల లీటర్లు చాలును. ఇంకిన నీరు నష్టము కాదు. అది చివికిన రాతిలో చేరి బోరునకు ఆసరా అగును. ఇట్టి కుంటలను ఉపాధి హామీ పనులలో తీయుట ఇదివరకే మన గ్రామములలో జరిగినది. దున్నకమును వాలుకు అడ్డముగా వేయుట, గట్లు తెగకుండ చూచుకొనుట ఖర్చులేని పనులు.

గ్రామ ఉద్యోగులకు ఒక మాట. వాల్టా చట్టము 2002 ప్రకారము ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయరాదు. బోరు బండి ఊరిలోనికి వచ్చిన తరువాత కాదు, రాకముందే ఈ సంగతి చెప్పవలెను. చెరువు కలుజు ఎత్తు, తూము తలుపు, వచ్చుకాలువలోని కంప సెప్టెంబరులోనే చూచుకొనవలెను. సోమశిల ఎగువకాలువల నీరు ఏనాడు వచ్చినను, చెరువు పూడిక చెరువు పూడికయే.

కుంటకు చోటు వెదకుచు ఆ రైతుతో చేనంతయు తిరిగినాను. నీరు సహజముగా చేరు పల్లపు మూల ఈశాన్యమున ఉన్నది. అక్కడ నిలుచుండి టేపు పరచబోగా అతడు కొంచెముసేపు మాట్లాడలేదు.

"ఈడ మా తాత నాటి కుంట ఉండె సార్. బోరు పడ్డ సంవత్సరం నేనే పూడ్చి సాపు చేసుకున్నా. రెండు వరసల చెట్లు ఎక్కువ పడతాయని."

ఆ రెండు వరసల చెట్లే ముందు ఎండినవి. వాటి మొద్దుల నడుమ నాలుగు మేకులు పాతి, తాడు కట్టినాము. అక్టోబరు వానలకు నెల దినములు గడువున్నది.