ముక్కుపుడకలో బొగ్గు

బామ్మగారి ముక్కుపుడకలోని వజ్రమూ, కుంపట్లోని బొగ్గూ ఒకే పదార్థమంటే ఏ ఇల్లాలు నమ్ముతుంది? కాని నిజం అదే. దాన్ని తేల్చడానికి ఐరోపా శాస్త్రజ్ఞులకు నూరేళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో వజ్రమంటే గోల్కొండ. హైదరాబాదు దగ్గరి ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన రాజ్యమే అది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిసి 60,000 మంది పనిచేసేవారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ వ్రాశాడు. 1677లో ఈ వజ్రపు గనుల వర్ణన లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. అదే ఏడు న్యూటన్ ‘ప్రిన్సిపియా’ వెలువడింది. దర్బారులు వజ్రానికి వెల కడుతుంటే, అక్కడి శాస్త్రజ్ఞులు అసలది దేనితో అయిందని అడగసాగారు. 1694-95లో ఫ్లారెన్సు నగరంలో పెద్ద భూతద్దంతో ఎండనంతా ఒక వజ్రంమీదికి మళ్ళించారు. వజ్రం కాస్తా హరించిపోయింది!

నూనె, కర్పూరం వంటి మండే పదార్థాలు తమ సాంద్రతకు మించి కాంతిని వంచుతాయి. వజ్రమూ అంతే. కనుక అది గడ్డకట్టిన జిడ్డు పదార్థం కావచ్చునని 1704లో న్యూటన్ ఊహించాడు.

చివరకు 1797లో స్మిత్‌సన్ టెనెంట్ అనే ఆంగ్లేయుడు వజ్రాన్ని కాల్చి చూశాడు. అంతే బరువు గల బొగ్గు కాలితే ఎంత బొగ్గుపులుసు వాయువు వస్తుందో, అంతే వచ్చింది! భేదమల్లా పరమాణువుల అమరికలోనే.

కంసాలి ఊదే మంట సూటిగా తగిలితే వజ్రం మసకబారేది ఇందుకే. నగ బాగుకిచ్చేటప్పుడు ఈ సంగతి మరచిపోకండి.