తెరచాప పడవ రోడ్డెక్కాలంటే

నీటిమీద తేలే పడవకు చక్రాలెందుకు? ఈ ప్రశ్న వినగానే మీకు నవ్వు రావచ్చు. కాని చిన్న తెరచాప పడవలు చాలాకాలం నేలమీదే గడుపుతాయి. చలికాలంలో సరస్సులు గడ్డకట్టే దేశాల్లో పడవను ఒడ్డుకు తీసి ఇంటి పెరట్లో పెట్టుకుంటారు. వేసవి రాగానే ఒక సరస్సు నుంచి మరొక సరస్సుకు పోటీలకు తీసుకువెళతారు. ఇందుకు కారు వెనక తగిలించి లాగే బండి కావాలి. దానినే ట్రైలరు అంటారు.

అన్ని పడవలకూ ఇది పెద్ద సమస్య కాదు. మన కోస్తాలో జాలరులు తెప్పను ఇసుకమీదికి లాగి, దుంగలు విప్పి ఆరబెట్టేవారు. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు దిగే లేజర్ పడవ బరువు సుమారు 59 కి.గ్రా. దాని అడుగున నీటిలోకి దిగే పలకను పైకి లాగివేస్తే, ఇద్దరు మనుషులు చిన్న చేతిబండిమీద పెట్టి తోసుకుపోవచ్చు. చిక్కంతా కీల్ ఉన్న పడవతోనే వస్తుంది.

కీల్ చేసే పని

కీల్ అంటే పడవ అడుగున చేప రెక్కలాగ నిలువుగా దిగి ఉండే బరువైన పలక. ఇది రెండు పనులు చేస్తుంది. గాలి పక్కనుంచి వీచినప్పుడు పడవ పక్కకు జారిపోకుండా నీటిని అడ్డుపెట్టుకుంటుంది. తెరచాపమీద గాలి నెట్టి పడవ ఒరిగినప్పుడు, తన బరువుతో దానిని తిరిగి నిటారుగా నిలబెడుతుంది. తక్కెడ బొమ్మ ఎంత వంచినా లేచి నిలబడడం మీరు చూశారు కదా! అడుగున బరువుంటే గరిమనాభి కిందికి దిగుతుంది. ఇక్కడా అదే సూత్రం.

ఒక నిజమైన పడవను తీసుకుందాం. అమెరికాలో రాడ్ జాన్‌స్టన్ తన ఇంటి గ్యారేజీలో కట్టుకున్న పడవ నమూనాతో 1977లో జె-24 అనే పడవల తయారీ మొదలైంది. ఇటువంటివి ప్రపంచంలో ఐదు వేలకు పైగా తయారయ్యాయి. దీని పొడవు 7.32 మీటర్లు, బరువు సుమారు 1,400 కి.గ్రా. అందులో కీల్ కోసం వాడిన సీసమే 431 కి.గ్రా. సీసం సాంద్రత నీటికంటె 11 రెట్లకు పైగా ఎక్కువ. కనుక ఇంత బరువూ సుమారు 38 లీటర్ల చోటులోనే, అంటే రెండు పెద్ద బిందెలలో పట్టేంత చోటులోనే, ఇమిడిపోతుంది. కీల్ అడుగు నీటి మట్టానికి 1.22 మీటర్ల కిందికి ఉంటుంది.

నీటిలో ఇంత మేలు చేసే కీల్, నేలమీదికి రాగానే తలనొప్పిగా మారుతుంది. పడవ దానిమీద ఒంటికాలిమీద నిలబడినట్టు నిలవాలి!

నీరు మోసినట్టు బండి మోయగలదా?

ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుంది. 1,400 కి.గ్రా. పడవ 1,400 లీటర్ల మంచినీటిని తొలగిస్తుంది. ఆ నీరు ఇచ్చే ఊతం పడవ పొట్ట అంతటా పరుచుకొని ఉంటుంది. పడవ పొట్ట ఒక అడుగు లోతుకు మునిగిందనుకుంటే, అక్కడ నీటివల్ల కలిగే పీడనం చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు మాత్రమే.

ఇప్పుడు అదే పడవను 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల నాలుగు దిమ్మెలమీద నిలబెట్టామనుకోండి. మొత్తం వైశాల్యం 3,600 చదరపు సెం.మీ. ఒక్కొక్క చదరపు సెం.మీ. మీద సుమారు 390 గ్రాముల బరువు పడుతుంది. నీటిలో కంటె 13 రెట్లు! గాజునారతో చేసిన పొట్ట అక్కడక్కడ లోపలికి నొక్కుకుపోతుంది. గతుకుల రోడ్డుమీద అయితే చెప్పనక్కరలేదు.

అందుకే మంచి ట్రైలరులో పడవ బరువంతా కీల్ అడుగున ఉండే గట్టి కొయ్యమీదకు రావాలి. పక్కనున్న దిమ్మెల పని పడవ ఒరగకుండా పట్టుకోవడం మాత్రమే. ఆ దిమ్మెలు కూడా పడవ లోపల అడ్డగోడలున్న చోట ఆనాలి. ఏడున్నర మీటర్ల మామూలు పడవ ట్రైలరు దొరికింది కదా అని కొంటే లాభం లేదు. పొడవు సరిపోయినంత మాత్రాన కీల్‌కు చోటు దొరకదు.

ఎడ్లబండి నేర్పే పాఠం

రెండెడ్ల బండిలో బస్తాలు వేసేవారిని ఎప్పుడైనా గమనించారా? బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేచి, ఎద్దుల మెడతాళ్ళు బిగుసుకుంటాయి. అంతా ముందు వేస్తే కాడి మెడలమీద నొక్కుతుంది. అందుకని ఇరుసుకు అటూ ఇటూ సర్ది, బండి కొద్దిగా ముందుకు మొగ్గేటట్టు చూస్తారు. ట్రైలరుకు కావలసిందీ ఇదే. కాడికి బదులు కారు వెనక కొక్కెం ఉంటుంది, అంతే తేడా.

దీనిని మీరు బడిలోనే పరీక్షించవచ్చు. ఒక మీటరు బద్దను 50 సెం.మీ. గీత దగ్గర పెన్సిలుమీద ఆనించండి. పెన్సిలే ఇరుసు. బద్ద ముందుకొనను చిన్న కాటా పళ్ళెంమీద ఆనించండి. బద్ద సమతలంగా ఉండాలి. ఇరుసుకు 5 సెం.మీ. ముందు 500 గ్రాముల తూకపు రాయి పెట్టండి. భ్రామకాల సూత్రం ప్రకారం 500 × 5 = 50 × కొనమీది బరువు. కాటా 50 గ్రాములు చూపుతుంది. అంటే మొత్తంలో పదో వంతు. రాయిని ఇరుసుకు వెనక్కి జరిపితే ముందుకొన గాలిలోకి లేస్తుంది.

అమెరికాలో ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెంమీద పడేటట్టు సర్దుతారు. ఐరోపాలో ఇంతకంటె కొంచెం తక్కువ ఉంచుతారు. మన జె-24కు లెక్క కడదాం. ట్రైలరు బరువు 400 కి.గ్రా., కొక్కెం నుంచి ఇరుసుకు దూరం 5 మీటర్లు అనుకుందాం. (రెండు ఇరుసులుంటే వాటి మధ్య బిందువును తీసుకోవాలి.) మొత్తం బరువు 1,800 కి.గ్రా. అందులో పదో వంతు 180 కి.గ్రా. కొక్కెంమీద పడాలంటే, గరిమనాభి ఇరుసుకు అర మీటరు ముందుండాలి. పడవను 10 సెం.మీ. వెనక్కి జరిపితే కొక్కెంమీది బరువు 28 కి.గ్రా. తగ్గుతుంది. 65 సెం.మీ. జరిపితే కొక్కెంమీద ఏమీ మిగలదు!

అలా మిగలకపోతే ఏమవుతుంది? పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయిందనుకోండి. ఆ గాలి తోపుకు ట్రైలరు తోక పక్కకు ఊగుతుంది. వెనక బరువు ఎక్కువైతే జడత్వంవల్ల తోక నడిమికి వచ్చి ఆగదు. రెండవ వైపుకు పోతుంది, కారు వెనక భాగాన్ని ఇటు అటు లాగుతుంది. వేగం ఎక్కువైతే ఒక్కొక్క ఊపు వెనకటి ఊపుకంటె పెద్దదవుతుంది. చివరకు కారూ పడవా రెండూ బోల్తా పడవచ్చు. పది సెంటీమీటర్ల తేడాలో మనుషుల ప్రాణాలు ఉన్నాయన్నమాట.

ఆపడం, నీటిలోకి దింపడం

గమనంలో ఉన్న వస్తువు గతిజశక్తి దాని వేగ వర్గానికి అనులోమంగా ఉంటుంది. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. ఆ శక్తినంతా కారు బ్రేకులే మింగాలంటే కష్టం. అందుకే బ్రిటన్‌లో బరువుతో కలిపి 750 కి.గ్రా. మించిన ట్రైలరుకు సొంత బ్రేకులు తప్పనిసరి.

ఇక దింపడం. కీల్ రోడ్డుకు 30 సెం.మీ. ఎత్తున ఉన్నదనుకుంటే, పడవ ట్రైలరుమీద నుంచి తేలడానికి 1.22 + 0.30, అంటే సుమారు ఒకటిన్నర మీటర్ల లోతు కావాలి. ఒడ్డున ఉన్న వాలు 8 మీటర్లకు 1 మీటరు చొప్పున దిగితే, నీటి అంచు నుంచి 12 మీటర్లు లోపలికి పోవాలి. కారు కూడా మునుగుతుంది! అందుకని ట్రైలరుకు పొడిగించే కమ్మీ అమర్చుతారు, లేదా తాడుతో దింపుతారు. జె-24ను చాలాచోట్ల క్రేనుతోనే ఎత్తి నీటిలో పెడతారు. కీల్‌ను పట్టి ఉంచే బోల్టులకే గొలుసు తగిలిస్తారు.

చక్రాలను నీటిలోకి దింపేటప్పుడు ఇంకొక సంగతి ఉంది. చాలాదూరం నడిచిన బండి బేరింగులు వేడెక్కి ఉంటాయి. వెంటనే చల్లని నీటిలో ముంచితే లోపలి గాలి సంకోచించి పీడనం తగ్గుతుంది. బయటి నీరు లోపలికి పీల్చుకుపోతుంది. గ్రీజు పాడవుతుంది, బేరింగు తుప్పు పడుతుంది. అరగంట ఆగి చల్లారనిస్తే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కొన్ని చక్రాలకు స్ప్రింగు మూతలు ఉంటాయి. అవి గ్రీజును ఎప్పుడూ కొద్ది పీడనంతో నొక్కి ఉంచి నీటిని రానివ్వవు.

కనుక కీల్ పడవకు ట్రైలరు వెతికేవారు మొదట అడగవలసింది ధర కాదు. మొత్తం బరువెంత? బరువు కీల్‌మీద ఆనుతుందా? పడవను ముందుకూ వెనక్కూ జరిపి సర్దే వీలుందా? బ్రేకులున్నాయా? దింపే చోట లోతెంత? ఈ ఐదు ప్రశ్నలకూ జవాబులు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రాలలోనే ఉన్నాయి.

ఇక మీ వంతు. పడవ 900 కి.గ్రా., ట్రైలరు 300 కి.గ్రా., కొక్కెం నుంచి ఇరుసుకు 4 మీటర్లు. గరిమనాభి ఇరుసుకు 30 సెం.మీ. ముందున్నది. కొక్కెంమీద ఎంత బరువు పడుతుంది? అది మొత్తంలో పదో వంతు కావాలంటే పడవను ఎటు, ఎంత జరపాలి? 90 కి.గ్రా. అనీ, ముందుకు సుమారు 13 సెం.మీ. అనీ వస్తే, మీ లెక్క సరిపోయినట్టే.