తీరప్రాంత ఇసుకలో సహజ రేడియేషన్: అపోహలు - వాస్తవాలు

నేల, గాలి, ఆహారం, అంతరిక్షం నుండి ప్రతి మనిషికీ కొంత రేడియేషన్ నిత్యం అందుతూనే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం 2008 నివేదికలో దీని ప్రపంచ సగటును ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులుగా లెక్కగట్టింది. ఇందులో సుమారు సగం రాడాన్ వాయువు వల్ల కలిగేదే.

ఆంధ్రప్రదేశ్‌లోని భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల ఇసుకలో థోరియం కలిగిన మోనజైట్ ఖనిజం ఉన్నందున స్థానికులలో ఆందోళన కలగడం సహజం. ఈ ఖనిజం విస్తారంగా ఉన్న కేరళలోని కరునాగపల్లిలో 69,958 మందిని సగటున పదిన్నర సంవత్సరాలపాటు పరిశీలించారు. 2005 చివరి నాటికి వారిలో 1,379 క్యాన్సర్ కేసులు నమోదు కాగా, వాటికి, నేల నుండి వెలువడే గామా కిరణాల మోతాదుకు సంబంధం కనిపించలేదని 2009లో వెల్లడైంది. అయితే స్వల్ప మోతాదుల ప్రభావాన్ని తేల్చడానికి ఈ సంఖ్య కూడా చాలకపోవచ్చునని పరిశోధకులే పేర్కొనడం గమనార్హం. కనుక హాని రుజువైందనడం ఎంత తొందరపాటో, అసలే లేదనడమూ అంతే.

అణుశక్తి నియంత్రణ మండలి ప్రజలకు నిర్దేశించిన ఏడాదికి 1 మిల్లీసీవర్టు పరిమితి సహజ రేడియేషన్‌కు వర్తించదు. వార్తలలో ఈ రెండింటినీ కలిపివేయడం తగదు.

రాడాన్ విషయం వేరు. అది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. పొగ తాగేవారికి ఈ ముప్పు మరింత అధికం. ఇళ్లలోకి గాలి ధారాళంగా వచ్చిపోయేలా చూసుకుంటే రాడాన్ తగ్గుతుంది.