ఎర్రనీళ్ళలో రసాయన శాస్త్రం

దిష్టి తీసే ఎర్రనీళ్ళలో ఎర్రరంగు ఎవరూ పొయ్యరు. పసుపు కలిపిన నీళ్ళలో కాస్త సున్నం వేస్తే చాలు, పళ్ళెమంతా ఎర్రబడుతుంది. వందసార్లు చూసిన వింత కనుక మనకది వింతగా తోచదు. "ఎందుకెర్రబడిందమ్మా?" అని పిల్లవాడు అడిగితే, "చాల్లే, నువ్వూ నీ ప్రశ్నలూ!" అని కసురుకుంటాం. కాని బడిలో లిట్మసు కాగితంతో చెప్పే పాఠమే అది!

పసుపులో కర్క్యుమిన్ అనే రంగుపదార్థం వున్నది. పులుపు తగిలినా, మంచినీళ్ళు తగిలినా అది పచ్చగానే వుంటుంది. క్షారం తగిలిందా, ఎరుపు తిరుగుతుంది. సున్నం క్షారం. నిమ్మరసం, చింతపండు ఆమ్లాలు. ఈ సంగతి పిల్లలకు నోటితో చెప్పకండి, చేయించండి.

పసుపును నీళ్ళతో చిక్కగా కలిపి తెల్లకాగితానికి పూసి, ఆరాక పట్టీలుగా కత్తిరించండి. బట్టల సబ్బు నీళ్ళు, వంటసోడా నీళ్ళు, మజ్జిగ, చింతపండు రసం తలా ఒక చుక్క వేయించండి. ఏది ఎర్రబడుతుందో ముందే పందెం కట్టించాలి సుమా. ఓడినవాళ్ళే శ్రద్ధగా చూస్తారు. సబ్బు బాగా ఎర్రబరుస్తుంది, సోడా కొద్దిగానే. ఎర్రబడినచోట నిమ్మరసం పడితే మళ్ళీ పసుపే. చొక్కామీది కూర మరక సబ్బు రాయగానే ఎర్రబడి ఇల్లాలిని కంగారుపెట్టేది ఇందుకే.

అయితే నిమ్మరసానికీ మంచినీళ్ళకూ తేడా పసుపు చెప్పలేదు. దానికి నీలి శంఖుపూలు కావాలి. వేడినీళ్ళలో నానబెడితే నీలిరంగు దిగుతుంది. అందులో నిమ్మరసం పిండితే వంగపండు రంగుకు మారుతుంది. సున్నపు తేట పోస్తే ఆకుపచ్చ. ఐర్లండులో పుట్టిన రాబర్టు బాయిల్, 1664లో అచ్చయిన తన గ్రంథంలో వయొలెట్ పూల పానకంతో ఇలాంటి పరీక్షనే వర్ణించాడు.

ఇక సున్నం సంగతి. దాన్ని పిల్లల చేతికి ఇవ్వనే కూడదు. సున్నపు పొట్లం నొక్కగా చిట్లి, కంట్లో పడి చూపు పోగొట్టుకున్న పిల్లలున్నారు. పొరపాటున పడితే నలపక, ఆలస్యం చేయక, పావుగంటకు తక్కువ కాకుండా మంచినీటి ధారతో కడుగుతూ కంటి వైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. నీళ్ళు పడితే సలసల కాగే రాతిసున్నం అసలే వద్దు.

తడిసున్నం చిటికెడు గ్లాసెడు నీళ్ళలో కలిపి, అడుగుకు దిగాక పైతేట మీరే వంచండి. అందులో గొట్టంతో మీరే ఊదండి, పీల్చరాదు. పిల్లలు దూరంగా వుండి చూస్తే చాలు. తేట పాలలా తెల్లబడుతుంది! మన శ్వాసలోని బొగ్గుపులుసు గాలి సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేటు అయింది. వెల్ల వేసిన గోడమీద సున్నం గట్టిపడేదీ ఇలాగే, కాకపోతే అక్కడ గాలి మెల్లగా పనిచేస్తుంది.

ఊదడం ఆపకండి. ఇంకాసేపటికి ఆ తెలుపు కరిగి నీళ్ళు మళ్ళీ తేటపడతాయి. ఇప్పుడా నీళ్ళను కాచి చూపించండి: తెలుపు తిరిగి వస్తుంది. బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పెచ్చు చాలావరకు ఇదే.