కలం, సూది, ఫోన్

పిల్లలూ, ఇక్కడ బహ్రెయిన్‌లో పెన్నును అరబ్బీలో "కలమ్" అంటారు, విన్నారా? మన తెలుగులోనూ కలమే! శ్రీకాళహస్తిలో వెదురు కలంతో బట్ట మీద బొమ్మలు గీస్తారు. అదే కలంకారీ. నల్లరంగు కోసం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో చాలా రోజులు నానబెట్టి పులియనిస్తారు. (వాసన మాత్రం అడగొద్దు!) ఆ నల్లగీత పడిందంటే ఇక చెరగదు.

మామీర్‌లో మా ఇంట్లో కలంకారీ ముక్క ఒకటి అట్ట మీద అంటించాం. చుట్టూ ఎర్రదారంతో గొలుసు కుట్టు వేద్దామనుకున్నాం. ముందు ఫోటో తీసి, ఫోన్‌లో అంచుకు ఒక్కో రంగు వేసి చూశాం. బొమ్మలోనూ ఎరుపే కదా, కలిసిపోయింది. పసుపైతే బాగుంది. ఫోన్‌లో నచ్చని రంగు తీసేయొచ్చు. అట్టకు సూదితో పడిన చిల్లు పూడదు. మా పాప తొందరపడి ఒకటి పొడిచేసింది! దాని మీద లంబాడీ కుట్టులోలాగా చిన్న అద్దం పెట్టి కుట్టాం. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళు ముందు దాన్నే చూస్తున్నారు.