రెండు చుక్కల ఋణము

పల్స్ పోలియో ఆదివారమునాడు ఎండ ముదరకమునుపే మా వీధి చివరనున్న అంగన్‌వాడీ కేంద్రము ముందర ఒక బల్లయు, రెండు కుర్చీలును, నీలిరంగు మందు పెట్టెయు వచ్చి చేరును. చంకబిడ్డలతో తల్లులు, మనుమల చేతులు పట్టుకొని నాయనమ్మలు ఒక్కరొక్కరుగా వచ్చి వరుసకట్టుదురు. ఏఎన్నెమ్ అమ్మ పెట్టె మూత తీసి, ఐస్ ప్యాకుల నడుమనుండి బొటనవ్రేలంత సీసాను పైకి తీయును గాని దానిని వెంటనే బిడ్డ నోటికి అందింపదు. ముందుగా వెలుతురు వైపునకు త్రిప్పి, దానిమీది చీటీని ఒక క్షణము పరికించి చూచును. ఆ చీటీపై ఊదారంగు వలయమొకటి, దాని నడుమ లేతరంగు చదరమొకటి ఉండును. సీసాకు వేడి సోకినకొలది ఆ చదరము ముదురుచు వచ్చి చుట్టునున్న వలయముతో ఏకవర్ణమైనదా, ఆ సీసాను ప్రక్కన పెట్టివేయవలసినదే. “ఏం చూస్తున్నారమ్మా అంత పట్టి పట్టి?” అని నేనొకమారు అడిగితిని. “మందు బతికుందో లేదో చూస్తున్నానండీ” అని ఆమె తలయెత్తకయే చెప్పెను.

ఆ మాట అక్షరాలా సత్యము. ఆ సీసాలోనున్నది ప్రాణమున్న వైరస్. కాళ్ళు పడగొట్టు శక్తిని ప్రయోగశాలలో పోగొట్టి, కడుపులో కాపురముండి రోగనిరోధమును నేర్పు శక్తిని మాత్రము మిగిల్చిన సాధుజంతువు వంటిది. దానిని అట్లు సాధుపరచినవాడెవడో, మొట్టమొదట కోట్ల సంఖ్యలో దానిని మ్రింగిన బిడ్డలు ఏ దేశపు బిడ్డలో, అది మా వీధి చివరి బల్లమీదికి చేరులోపల ఎన్ని దేశముల చేతులు మారినదో ఆ వరుసలోని తల్లులకు ఎవరును చెప్పలేదు. చెప్పదగిన కథ గనుకనే ఇది వ్రాయుచున్నాను.

ఈనాటి పడుచువారికి పోలియో యనగా ఒక ఆదివారము పేరు. నా యీడువారికి అది మనుష్యుల నడక. మా బడిలో నా తరగతివాడొకడు కుడికాలు సన్నబడి, అడుగు వేసినప్పుడెల్ల మోకాలు ముడుచుకొనిపోకుండ అరచేతితో తొడను అదిమిపట్టి నడచెడివాడు. అతని ఖాకీ నిక్కరు తక్కిన చోట్ల క్రొత్తగానే యున్నను, చేయి ఆనుచోట మాత్రము అరచేయి మేర వెలిసి దారములు తేలియుండెడిది. రెండేండ్ల వయసున జ్వరము వచ్చి, అది తగ్గులోపల కాలు పడిపోయెనని అతని తల్లి చెప్పుచు, ఏ జన్మలో ఏ పాపము చేసితినో యని కన్నీరు పెట్టుకొనెడిది. ఆమె చేసిన పాపమేమియు లేదు. ఆ వైరస్ మలముతో వెలికి వచ్చి, నీటి ద్వారాను మురికి చేతుల ద్వారాను మరియొక బిడ్డ నోటికి చేరి, ప్రేగులలో పెంపొందును. అది సోకిన ఇన్నూరు మందిలో ఇంచుమించు ఒక్కరికి మాత్రమే అవయవములు చచ్చుపడును. తక్కినవారిలో అనేకులకు ఒంటిలో నలత యైనను తోచదు, కాని వారందరును దానిని మోసుకొని తిరుగుదురు. అనగా ఒక ఊరిలో ఒక్క బిడ్డ కాలు పడిపోవునప్పటికి, వందలకొలది బిడ్డలు దానిని ఇరుగుపొరుగు ఊళ్ళకు చేర్చియే యుందురు. ఇట్టి శత్రువును సరిహద్దునొద్ద పట్టుకొనుట ఎవ్వరి తరము?

1955వ సంవత్సరమున అమెరికాలో జోనస్ సాల్క్ కనిపెట్టిన సూదిమందు జయప్రదమైనదని ప్రకటించిననాడు ఆ దేశమున పండుగ చేసికొనిరి. చంపిన వైరస్‌తో చేసిన ఆ టీకా బిడ్డ కాళ్ళను కాపాడును. కాని ప్రేగులలో వైరస్ నివాసమును, ఒకరినుండి మరియొకరికి ప్రాకుటను అంతగా అరికట్టజాలదు. ప్రేగులలోనే దానిని ఎదుర్కొనవలెనన్నచో మందు నోటి దారినే పోవలెనని ఆల్బర్ట్ సేబిన్ వాదించెను. అట్టి మందును అతడు సిద్ధపరచెను గాని, దానిని పెద్ద యెత్తున పరీక్షించుటకు స్వదేశమున చోటు చిక్కలేదు. ఏలయనగా అచ్చటి బిడ్డలలో లక్షలాదిమంది అప్పటికే సూదిమందు పొందియుండిరి. సరిగా అదే కాలమున సోవియట్ దేశమున పోలియో ఏటేటికి పెచ్చుపెరుగుచుండెను.

ఆ రెండు దేశములును ఒకదానిపై నొకటి అణ్వాయుధములు గురిపెట్టుకొనియున్న రోజులవి. 1956 జనవరిలో మిఖయీల్ చుమకోవ్, ఆయన భార్య మరీనా వొరొషీలోవా, అనతోలీ స్మొరొదీంత్సెవ్ అను ముగ్గురు సోవియట్ శాస్త్రజ్ఞులు అమెరికాకు వచ్చి సేబిన్‌ను కలిసికొనిరి. అదే సంవత్సరము వేసవిలో సేబిన్ లెనిన్‌గ్రాడ్‌కును మాస్కోకును పోయెను. ఒకప్పటి రష్యా సామ్రాజ్యములోని బియాలిస్టాక్ పట్టణమున ఒక యూదు కుటుంబములో పుట్టి, పదునైదేండ్లప్రాయమున అమెరికాకు వలసపోయిన వాడాయన. తాను సాధుపరచిన వైరస్ విత్తనమును ఆ మీదట ఆయన సోవియట్ మిత్రులకు ధర్మముగా నిచ్చెను. ఆ మందుపై పేటెంటు హక్కును ఏనాడును కోరలేదు.

పుచ్చుకొన్నవాని సంగతి మరింత చెప్పదగినది. చుమకోవ్ 1937లో దూరప్రాచ్యపు అడవులలో పిడుదుపురుగుల వలన వచ్చు మెదడువాపు వ్యాధిని శోధించుచు, ఆ వ్యాధికి తానే చిక్కెను. ప్రాణము దక్కినది గాని కుడిచేయి చచ్చుపడెను; వినికిడి పోయెను. వైరస్ సోకి అవయవము పడిపోవుట యనగా నేమో గ్రంథములలో చదివి తెలిసికొన్నవాడు కాడాయన. క్రొత్త మందును ఆ దంపతులు మొదట తామును పుచ్చుకొని, తమ బిడ్డలకును ఇచ్చి చూచిరి. 1959లో సుమారు కోటిన్నర మందికిని, 1960 చివరికి ఇరువదేండ్లలోపు వయసుగల ఏడుకోట్ల డెబ్బది లక్షల మందికిని దానిని మ్రింగించిరి. సూది లేదు, స్పిరిటు లేదు, ఏడుపు లేదు. చాలచోట్ల అది మిఠాయి బిళ్ళ రూపమున పిల్లల చేతికి వచ్చెను. ఇన్ని కోట్లమందికి వేసితిమి, కీడు కలుగలేదని సోవియట్‌వారు చెప్పిన మాటను నమ్ముటకు పడమటి దేశములవారు జంకగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున యేల్ విశ్వవిద్యాలయపు వైద్యురాలు డొరోతీ హార్స్ట్‌మన్ స్వయముగా పోయి, ప్రయోగశాలలను, లెక్కలను పరిశీలించి, పని నికరముగా జరిగినదని సాక్ష్యమిచ్చెను. అమెరికా తన శాస్త్రజ్ఞుని మందును తన బిడ్డలకు వేయుటకు ధైర్యము చేసినది ఆ తరువాతనే.

జపానులో 1960లో అయిదువేలకు పైగా పోలియో కేసులు వచ్చెను. తల్లులు బిడ్డలనెత్తుకొని ప్రభుత్వము తలుపు తట్టిరి. చట్టము ప్రకారము పరీక్షలు ముగియనిదే విదేశపు మందును రానీయరాదు. పైగా అది ప్రచ్ఛన్నయుద్ధమున ఎదుటి పక్షమువారి మందు. ఐనను 1961లో ఆ ప్రభుత్వము సోవియట్ దేశమునుండియు కెనడానుండియు ఒక కోటి ముప్పది లక్షల మోతాదులను తెప్పించి పంచగా, కొలది నెలలలోనే వ్యాధి అణగిపోయెను. ఇంతటి ఘట్టమునకు పాఠ్యపుస్తకములలో యుద్ధములకిచ్చు చోటులో నూరవవంతైనను ఇచ్చినవారు కానరారు. అది నా మనస్సునకు ఎల్లప్పుడును కష్టముగా తోచును.

అటుపిమ్మట కథ త్వరగా నడచినది. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయ, కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, తట్టు, పోలియో అను ఆరింటికిని ప్రతి దేశమునను టీకాలు వేయు విస్తృత కార్యక్రమమును మొదలిడెను. మన దేశము 1978లో దానిని అందుకొనెను. 1985లో రోటరీ సభ్యులు పోలియో టీకాలకై పన్నెండు కోట్ల డాలర్లు చందాలెత్తుటకు పూనుకొనిరి. 1988లో జెనీవాలో కూడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలో సకల దేశములును కలిసి పోలియోను భూమిమీద లేకుండ చేయుదుమని తీర్మానించునాటికి, అది 125 దేశములలో ఏటేట సుమారు మూడున్నర లక్షలమంది బిడ్డలను అవిటివారిని చేయుచుండెను.

ఎల్ సాల్వడోర్ అను చిన్న దేశమున అంతర్యుద్ధము సాగుచుండగా, 1985లో యునిసెఫ్ పెద్దలు, మతగురువులు, రెడ్‌క్రాస్‌వారు ఇరుపక్షములతోను మాటలాడి, ఏడాదికి మూడు దినములు తుపాకులు మూయించి బిడ్డలకు టీకాలు వేయించిరి. ఏటేట ఆ మూడు దినములును వచ్చుచుండెను. ఇటీవల 2024లో గాజాలో, ఇరువదియైదేండ్లుగా లేని పోలియో ఒక పదినెలల బిడ్డ కాలు పడగొట్టినప్పుడు, ప్రాంతము వెంబడి ప్రాంతముగా కొన్నికొన్ని గంటలు దాడులాపి, మొదటి విడతలో అయిదున్నర లక్షలకు పైగా బిడ్డలకు చుక్కలు వేసిరి. చుక్కలమందు కొరకు ఆగగలిగిన తుపాకి, అది వేయించుకొన్న బిడ్డ బ్రతుకు కొరకు ఏల ఆగదో నాకు బోధపడదు.

మన దేశపు పోరాటము 1995 నుండి నడచినది. తూర్పు బీహారులో కోసీనది ఏటేట దారి మార్చు లంకలలోను, ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాలలోను, కలుషిత జలము వలనను ఎడతెగని విరేచనముల వలనను బిడ్డల ప్రేగులలో మందు నిలువక, ఒక్కొక్క బిడ్డకు పదేసిమార్లు, అంతకు పైగాను వేయవలసి వచ్చెను. వేయుటకు పోయినవారిని తరిమిన ఊళ్ళును కలవు. రోడ్డు లేదు, ఆసుపత్రి లేదు, ఈ చుక్కలకు మాత్రము నెలనెలా వచ్చెదరేమని ఆ తల్లులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. 2009లో 741 కేసులు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక్క కేసు. అదియే కడపటిది. 2014 మార్చి 27న మన దేశమునకు, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఆగ్నేయాసియా ప్రాంతములోని తక్కిన దేశములకును కలిపి పోలియో లేదను ధ్రువపత్రము లభించెను.

ఐతే ఆ విజయమునకు కొంచెము ముందు జరిగినదొకటి మనము మరువరాదు. 2010లో, ఒకప్పటి సోవియట్ దేశములో భాగమైన తజికిస్తాన్‌లో నాలుగువందలయేబది మందికి పైగా పోలియోతో అవయవములు చచ్చుపడెను. ఏండ్ల తరబడి ఆ వ్యాధి నెరుగని ప్రాంతమది. శాస్త్రజ్ఞులు ఆ వైరస్ వంశవృక్షమును పరీక్షింపగా దాని పుట్టిల్లు ఉత్తరప్రదేశ్ అని తేలెను. తజికిస్తాన్ నుండి అది రష్యాకును ప్రాకెను. ఏ గడ్డమీది బిడ్డలు ఒకప్పుడు ఈ మందును మొదట మ్రింగి లోకమునకు ధైర్యమిచ్చిరో, ఆ గడ్డకు మన వీధులలోని మురుగు ఈ రీతిగా బదులు చెప్పెను.

చుక్కలమందునకు ఒక దోషము కలదు. దానిని దాచుట తగదు. అందు బ్రదికియున్న వైరస్, టీకాలు సరిగా పడని జనములో చాలకాలము చేతులు మారుచు పోయినచో, అరుదుగా తన పూర్వపు క్రౌర్యమును మరల నేర్చుకొనును. పోలియో వైరస్ మూడు రకములలో రెండవ రకమునకు ఈ గుణము హెచ్చు. సహజమైన రెండవ రకపు వైరస్ 1999 తరువాత ఎచ్చటను కానరాలేదు గనుక, 2016 ఏప్రిల్‌లో సుమారు 155 దేశములు రెండు వారముల లోపల ఒక్కుమ్మడిగా ఆ రకమును తమ చుక్కలలోనుండి తీసివేసెను. ఒక దేశము ఆలస్యము చేసినను పొరుగు దేశపు బిడ్డలకు ముప్పు గనుక అందరును ఒకేసారి చేయవలసిన పని యది.

సరిగా ఆ సమయముననే హైదరాబాదు మురుగునీటి నమూనాలో అట్టి మారిన రెండవ రకపు వైరస్ కంటబడెను. ఏ బిడ్డకును జబ్బు చేయలేదు. మురుగునీటిని క్రమముగా పట్టి పరీక్షించు ఏర్పాటుండుటచేతనే అది తెలిసినది. 2016 జూన్‌లో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో ఆరువారములనుండి మూడేండ్ల వరకు గల సుమారు మూడు లక్షలమంది బిడ్డలకు సూదిమందు వేసిరి. దానికై జెనీవా నుండియు మందును విమానముపై రప్పించిరి. లోకమంతట సూదిమందు కరువై యుండుటచే, ఒక మోతాదును అయిదు పాళ్ళు చేసి ఒక పాలును చర్మపు పొరలోనికి ఎక్కించు పద్ధతిని మనవారు అనుసరించిరి. అదే హైదరాబాదులోని కర్మాగారమునుండి చుక్కలమందు యునిసెఫ్ ద్వారా అన్య దేశముల బిడ్డలకు పోవుచున్నది.

సహజమైన పోలియో నేడు పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌లలో మిగిలియున్నది. అచ్చట ఈ నీలిరంగు పెట్టెను భుజమున వ్రేలాడదీసికొని ఇంటింటికి పోవు స్త్రీలను, వారికి కాపుగా నడచు పోలీసులను కాల్చి చంపుచున్నారు. మరునాడు మరియొకరు ఆ పెట్టెను ఎత్తుకొనుచునే యున్నారు.

మొన్నటి విడతలో సోమవారమునాడు నేను మా ఏఎన్నెమ్ అమ్మ వెంట ఊరిబయటి ఇటుకబట్టీకి పోతిని. ఒడిశా నుండి కూలికి వచ్చిన కుటుంబములు అంతకు ముందటి రాత్రియే దిగినవట. ఆమెకు వారి భాష రాదు. తన ఎడమచేతి చిటికెనవ్రేలిని పైకెత్తి చూపెను. ఒక తల్లి నవ్వి, పొత్తిగుడ్డలోనుండి బిడ్డ చేతిని పైకి తీసి చూపెను. ఆ చిటికెనవ్రేలి గోటిపై నల్లని సిరా గుర్తు అప్పటికే కలదు. దారిలో ఏదో రైలు స్టేషనులో ఎవరో వేసిరని ఆమె సైగలతో చెప్పినది. ఏఎన్నెమ్ అమ్మ ఆ గోటిని వెలుతురుకు త్రిప్పి చూచి, తన కాగితముమీద గీత గీసికొని, ప్రక్క గుడిసెకు నడచెను.