సిమెంటు ఇటుకను కాల్చరు, తడుపుతారు. ఎందుకు?

ఖమ్మం జిల్లా వైరాలో గోడ కట్టడానికి ఎర్ర ఇటుకలే కాదు, బూడిదరంగు సిమెంటు ఇటుకలూ వాడతారు. ఎర్రవి బట్టీలో కాలతాయి. ఇవి మాత్రం నీళ్లు తాగి గట్టిపడతాయి!

సిమెంటు, ఇసుక, సన్నకంకరను కొద్ది నీళ్లతో కలిపి అచ్చులో అదుముతారు. సిమెంటు ఆరినందువల్ల గట్టిపడదు. నీటితో రసాయన చర్య జరిగి, జిగురులాంటి కొత్త పదార్థం పుట్టి ఇసుకనూ కంకరనూ బిగించి పట్టుకుంటుంది. మధ్యలో తడి ఆరితే ఆ పని ఆగిపోతుంది. ఖమ్మం ఎండల్లో తడి ఆరడం ఎంతసేపు! అందుకే వారానికి తగ్గకుండా తడుపుతారు. ఇదే తీరున గట్టిపడే కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28వ రోజున పరీక్షిస్తారు.

పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలాంటి చోట్ల బొగ్గు కాల్చగా మిగిలే బూడిదతోనూ ఇటుకలు చేయవచ్చు. అయితే ఆ బూడిద ఒంటరిగా పెద్దగా అతుక్కోదు. సున్నమో సిమెంటో, నీరూ తోడవ్వాలి.

మరి కొన్ని సిమెంటు ఇటుకలు మధ్యలో బోలుగా ఎందుకుంటాయంటారా? బరువు తగ్గడానికి, సరుకు ఆదా కావడానికి.